ముందుగా టైరుకు చోటు చూడండి

రోడ్ బైక్, అంటే తారు రోడ్డు మీద వేగంగా తొక్కే వంగిన హ్యాండిల్ సైకిలు, కొనాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది బరువు గురించే. దుకాణంలోనూ అదే తంతు. సైకిలును ఒంటిచేత్తో పైకి లేపుతారు, తేలిగ్గా లేస్తే ముఖం వికసిస్తుంది, సగం బేరం అక్కడే కుదిరిపోతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో విశాఖలోనో ఉంటూ, ఎండా వానా చలీ అనకుండా ఏడాది పొడవునా ఒకే సైకిలు మీద హాయిగా, వేగంగా వెళ్లాలనుకునేవారు మొదట అడగాల్సిన ప్రశ్న వేరే ఉందని నా గట్టి నమ్మకం. ఇందులో ఎంత వెడల్పు టైరు పడుతుంది? మడ్‌గార్డులు బిగించాక కూడా 32 మిల్లీమీటర్ల టైరు పట్టాలి, అవి లేనప్పుడు 35 పట్టాలి. అంతకు తగ్గితే మిగతా హంగులు ఎన్ని ఉన్నా ఆ సైకిలును అక్కడే వదిలేయండి.

పోటీల్లో పాల్గొనేవారి లెక్క వేరు, వారి జోలికి నేను పోను. ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి నూరు కిలోమీటర్లు తిరిగి వచ్చి, సోమవారం అదే సైకిలు మీద ఆఫీసుకు వెళ్లేవారి కోసం ఇది రాస్తున్నాను. ఇంట్లో రెండో సైకిలు పెట్టుకోవడానికి చోటూ, డబ్బూ లేనివాళ్లం మనలో ఎక్కువమందిమి. బ్రిటన్‌లో చలికాలానికని మడ్‌గార్డులున్న పాత సైకిలును విడిగా ఉంచుకునే అలవాటు చాలామందికి ఉంది. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు మంచి సైకిలును తినేస్తుందని వాళ్ల భయం. మన కాలాలు వేరు. తెలంగాణలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, కోస్తాలో ఆ తరువాత కూడా తుపాన్లు, మార్చి నుంచి మండే ఎండలు. ఒక్క కాలానికే పనికొచ్చే సైకిలు ఏడాదిలో సగం రోజులు గోడకు ఆని ఉంటుంది.

ముందు బరువు సంగతి తేల్చేద్దాం. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలు అనుకోండి. సైకిలు ఒక కిలో తగ్గితే మొత్తంలో తగ్గేది సుమారు 1.2 శాతం. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండ లాంటి ఎత్తును పావుగంటలో ఎక్కేవారికి ఆ కిలో వల్ల కలిసొచ్చేది పది పదకొండు సెకన్లు. చదునైన రోడ్డు మీద ఆ మాత్రం కూడా కలిసిరాదు. అక్కడ మనల్ని ఆపేది గాలి. గాలిని చీల్చుకుని వెళ్లడానికి కావలసిన శక్తి వేగపు ఘనానికి (వేగం × వేగం × వేగం) తగ్గట్టు పెరుగుతుంది. గంటకు 25 కిలోమీటర్ల నుంచి 30కి వెళ్లాలంటే గాలి కోసం పెట్టే శక్తి దాదాపు 73 శాతం పెరగాలి. ఆ గాలికి అడ్డుపడేది కూడా సైకిలు కన్నా మన ఒళ్లే. మొత్తం అడ్డులో 70 నుంచి 80 శాతం మనిషి శరీరానిదే. ఒక కిలో తగ్గించుకోవడానికి వేలకు వేలు పోసేవారు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

శరీరం మాట వచ్చింది కాబట్టి కూర్చునే తీరు గురించి చెప్పాలి. రేసు సైకిలులో హ్యాండిల్ కిందికి, దూరంగా ఉంటుంది. దూరాలు హాయిగా తొక్కడానికని ఎండ్యూరెన్స్ రకం పేరుతో అమ్మేవాటిలో అదే సైజుకు హ్యాండిల్ రెండు మూడు సెంటీమీటర్లు పైకి, ఒక సెంటీమీటరు దగ్గరికి వస్తుంది. కంపెనీలు ఇచ్చే కొలతల పట్టికలో దీన్ని స్టాక్, రీచ్ అనే రెండు అంకెలతో చూపిస్తారు. స్టాక్ నిలువు ఎత్తు, రీచ్ అడ్డంగా ఉండే దూరం. హ్యాండిల్ కిందికి ఉంటే గాలి తక్కువ తగులుతుంది కదా, మరి వేగం తగ్గదా అని అడుగుతారు. కాగితం మీద అది నిజమే. రోడ్డు మీద జరిగేది చూడండి. నడుము పట్టేసినవాడు అరగంటకే చేతులు నిటారుగా చాచి, ఛాతీ మొత్తం గాలికి అప్పగించి కూర్చుంటాడు. హ్యాండిల్ కాస్త పైన ఉన్నవాడు మోచేతులు వంచి, తల దించి గంటల తరబడి అలాగే తొక్కగలడు. పగలంతా కంప్యూటర్ ముందు కూర్చునే నడుములకు ఈ తేడా మరీ ఎక్కువ. కొనే ముందు సైకిలును ట్రైనర్ (ఉన్నచోటే నిలిపి తొక్కనిచ్చే స్టాండు) మీద బిగించమని అడిగి, మోచేతులు వంచి పది నిమిషాలు ఆగకుండా తొక్కి చూడండి. మెడ నొప్పి పెట్టినా అరచేతులు తిమ్మిరెక్కినా ఆ సైకిలు మీకు వేగాన్ని ఇవ్వలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. అప్పా కూడలి నుంచి చేవెళ్ల మీదుగా వికారాబాద్ వైపు వెళ్లే దారి హైదరాబాదు సైకిలిస్టులకు కొట్టినపిండి. రెండు వైపులా మర్రిచెట్లు, నల్లని తారు, ఉదయం పూట చల్లటి గాలి. అదే దారిలో ఏదైనా ఊళ్లోకి మలుపు తిరిగితే సిమెంటు రోడ్డు వస్తుంది. పలకకూ పలకకూ మధ్య వేలు దూరేంత గాడి ఉంటుంది. బడి ముందు వరసగా వేసిన తెల్లగీతల గట్లు పళ్లు కదిలించేస్తాయి. కోతల కాలంలో సగం రోడ్డు ధాన్యానిది, ఆ ధాన్యానికి కాపలాగా వరసగా పెట్టిన రాళ్లు చీకట్లో కనపడవు. మన దగ్గర మంచి రోడ్డు, చెడ్డ రోడ్డు అని రెండు వేరు వేరు దారులు లేవు. ఒకే ప్రయాణంలో అవి అరకిలోమీటరుకోసారి మారిపోతూ ఉంటాయి. అందుకే సన్నటైరు సైకిలు మనకు వేగవంతమైన సైకిలు కాదంటాను.

టైరులో గాలి ఎంత గట్టిగా ఉంటే సైకిలు అంత వేగంగా పోతుందనే నమ్మకం చిన్నప్పటి నుంచి మనలో పాతుకుపోయింది. బొటనవేలితో నొక్కి, దిగకపోతే తృప్తిపడతాం. నున్నటి ఉక్కు డ్రమ్ము మీద దొర్లించి కొలిస్తే ఆ నమ్మకం నిజమే అవుతుంది. గరుకు తారు మీద లెక్క తిరగబడుతుంది. గట్టి టైరు చిన్న రాయిని తనలోకి ఇముడ్చుకోలేదు, ఆ రాయి మీదుగా సైకిలునూ మనిషినీ కలిపి పైకి ఎగరేస్తుంది. అలా ఎగరేయడానికి పట్టిన శక్తి మన కాళ్ల నుంచి వచ్చిందే. ముందుకు తోయాల్సిన ఆ శక్తి మన కండల్లో అదురుగా, వేడిగా అరిగిపోతుంది. గాలి పెంచుతూ పోతే ఒక హద్దు దాకా వేగం పెరుగుతుంది, ఆ హద్దు దాటాక తగ్గుతుంది. రోడ్డు గరుకయ్యే కొద్దీ ఆ హద్దు కిందికి దిగుతుంది. చేతులకు తగిలే ప్రతి అదురూ మన కష్టంలో కొంత వృథా అయిందని చెబుతోంది. మన రోడ్ల మీద సౌకర్యమూ వేగమూ ఒకే చోటు నుంచి వస్తాయి, రెండింట్లో ఒకటి ఎంచుకోవాల్సిన అవసరమే లేదు.

వృత్తిగా పోటీల్లో తొక్కేవారు కూడా దీన్ని ఒప్పుకున్నారు. ఒకప్పుడు వాళ్లంతా 23 మిల్లీమీటర్ల టైర్లు వాడేవారు. తరువాత 25, ఇప్పుడు 28, 30. ఉత్తర ఫ్రాన్స్‌లో 50 కిలోమీటర్లకు పైగా ఎగుడుదిగుడు రాళ్ల దారుల మీద సాగే పారిస్-రూబే పోటీకి 32 కూడా వేస్తున్నారు. ఎండ్యూరెన్స్ సైకిళ్లు ఇంతగా ఎదగడానికి ఆ పోటీ కూడా ఒక కారణం. స్పెషలైజ్డ్ కంపెనీ తన మోడల్‌కు రూబే అనే పేరే పెట్టుకుంది. రాళ్ల దారి మీద గెలవడానికి కావలసినవీ, మన ఊరి సిమెంటు రోడ్డు మీద నడుము విరగకుండా ఉండటానికి కావలసినవీ చాలావరకు ఒకటే.

25 మిల్లీమీటర్ల టైరు నుంచి 32కి వెళ్తే లోపల పట్టే గాలి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఎక్కువ గాలిని తక్కువ ఒత్తిడిలో ఉంచవచ్చు. 70 కిలోల మనిషికి 25 టైరులో ముందూ వెనకా 80కి పైగా పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టాల్సి వస్తే, 32 టైరులో ముందు 50, వెనక 55 దగ్గర మొదలుపెట్టి రెండేసి పీఎస్ఐ అటూ ఇటూ మార్చి చూసుకోవచ్చు. ఎండాకాలంలో ఇంకొక లెక్క కూడా ఉంది. తెల్లవారుజామున 25 డిగ్రీల్లో 70 పీఎస్ఐ కొట్టిన టైరు లోపలి గాలి, ఎండెక్కి 45 డిగ్రీలకు వేడెక్కితే 75 దాటుతుంది. పొద్దున హాయిగా ఉన్న సైకిలు పదింటికల్లా గట్టిగా కొడుతోందంటే దానికి అలసట ఒక్కటే కారణం కాదు. వేసవిలో బయలుదేరేటప్పుడే మూడు నాలుగు పీఎస్ఐ తక్కువగా ఉంచుకోవడం మంచిది.

పంక్చర్ల విషయంలో మన నేల మరీ మొండిది. రోడ్డు అంచున పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు ఉండనే ఉన్నాయి. పల్లేరు కాయ ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. సైకిలును రోడ్డు పక్కకు దింపి నీళ్లు తాగి మళ్లీ ఎక్కేలోపు రెండు చక్రాలకూ పని పెట్టగలదు. ఇలాంటి చిన్న కన్నాలకు ట్యూబ్‌లెస్ టైరు, లోపల సీలెంట్ అనే పాలలాంటి ద్రవం బాగా పనిచేస్తాయి. ముల్లు పీకగానే నాలుగు చుక్కలు చిమ్మి కన్నం మూసుకుపోతుంది. మన ఎండలకు ఆ ద్రవం రెండు మూడు నెలల్లోనే ఎండిపోయి, టైరు లోపల రబ్బరు ముద్దగా మిగులుతుంది. ఉగాదికి ఒకసారి, వానలు మొదలయ్యే ముందు ఒకసారి వాల్వు దగ్గర విప్పి నింపుకోగలిగినవారే ట్యూబ్‌లెస్‌కు వెళ్లాలి. ఆ ఓపిక లేకపోతే మంచి టైరూ మామూలు ట్యూబూ చాలు. రోడ్డు పక్క పంక్చర్ షాపులో కూడా అతుకు వేస్తారు.

వాన గురించి చాలామంది పట్టుకు తిరిగే ఒక పొరపాటు నమ్మకాన్ని ఇక్కడే తీసేయాలి. లోతైన చారలున్న టైరు తడి రోడ్డు మీద పట్టు ఇస్తుందనుకుంటారు. కార్ల టైర్లు వెడల్పుగా, చదునుగా ఉంటాయి కాబట్టి నీటి మీద తేలిపోతాయి, వాటికి చారలు కావాలి. సైకిలు టైరు సన్నగా, గుండ్రంగా ఉంటుంది. మనం వెళ్లే వేగాల్లో అది నీటిని చీల్చుకుని తారును తాకుతుంది. పట్టు రబ్బరు నాణ్యతలోనూ, తగ్గించిన గాలిలోనూ ఉంటుంది. నిజంగా జారేసేవి వేరే. తొలకరి వానకు తేలివచ్చే నూనె జిడ్డు, తెల్లరంగు గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, రైలు పట్టాలు, చెట్ల కింద నలిగిన కాయలూ ఆకులూ. వీటి మీద ఏ టైరూ కాపాడదు. సైకిలును నిటారుగా ఉంచి, బ్రేకు వేయకుండా దాటాల్సిందే.

బ్రేకుల మీద ఇప్పుడు పెద్ద వాదన అక్కర్లేదు. రిమ్ముకు రాసుకునే బ్రేకు తడిలో ముందు నీటిని తుడుచుకుని ఆ తరువాత పట్టుకుంటుంది. ఎదురుగా ఆటో అడ్డంగా తిరిగినప్పుడు ఆ క్షణం చాలా పెద్దది. పైగా బ్రేకు ముక్కలో ఇరుక్కున్న ఇసుక అల్యూమినియం రిమ్మును వానాకాలమంతా గీరుతూ ఉంటుంది. డిస్కు బ్రేకు పట్టుకునే పళ్లెం నేల బురదకు దూరంగా, చక్రం మధ్యలోని హబ్బు దగ్గర ఉంటుంది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య కూడా 2018లో రోడ్డు పోటీల్లో డిస్కులకు పూర్తి అనుమతి ఇచ్చింది. ఆయిల్‌తో నడిచే హైడ్రాలిక్ రకానికి డబ్బు చాలకపోతే కేబుల్‌తో నడిచే డిస్కు బ్రేకు కూడా వానలో మంచిదే. దాన్ని ఏ ఊళ్లోనైనా బిగించుకోవచ్చు.

మడ్‌గార్డుల మాట ఎత్తితే కుర్రాళ్లు ముఖం చిట్లిస్తారు, పాల సైకిలులా ఉంటుందట. వానాకాలంలో వెనక చక్రం చిమ్మే ఎర్రటి నీరు ముందు మన వీపును తడుపుతుంది, తరువాత వెనక వచ్చేవాడి నోట్లోకి వెళ్తుంది. ముందు చక్రం చిమ్మేది అంతకన్నా చెరుపు చేస్తుంది. ఇసుక కలిసిన ఆ నీరు సూటిగా చైను మీదికి, పెడళ్లను తిప్పే క్రాంకు బేరింగుల మీదికి పోతుంది. చైను నూనెతో ఆ ఇసుక కలిస్తే పళ్లచక్రాలు అరగడం మొదలవుతుంది. రెండు మడ్‌గార్డులు, ముందుదానికి కింద వేలాడే రబ్బరు ముక్క, ఇంత చిన్న ఏర్పాటు చైనుకు చేసే మేలు ఖరీదైన నూనెలు చేయలేవు. అందుకే ఫ్రేముకూ, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకూ మడ్‌గార్డు బిగించే మరరంధ్రాలు ఉన్నాయో లేదో కొనేముందే చూడాలి. తరువాత ప్లాస్టిక్ పట్టీలతో కట్టుకుందాంలే అనుకుంటే దారంతా టకటకలాడుతూనే ఉంటుంది.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించే సంగతి. ఈ మధ్య వచ్చే సైకిళ్లలో బ్రేకు గొట్టాలూ గేరు తీగలూ బయటికి కనపడకుండా హ్యాండిల్ లోంచి, హ్యాండిల్ తిరిగేచోట ఉండే హెడ్‌సెట్ బేరింగు మధ్యలోంచి ఫ్రేములోకి పంపిస్తున్నారు. ఫొటోలో అందంగా ఉంటుంది, గాలికి కూడా కాస్త అడ్డు తగ్గుతుంది. ఒక మిత్రుడి సైకిలును వానలు వెనకబట్టాక విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఫోర్కు కిందికి దించగానే పై బేరింగు చుట్టూ నారింజరంగు తుప్పు, తెల్లటి చెమట ఉప్పు పేరుకుపోయి ఉన్నాయి. వేలితో తిప్పితే ఇసుక నమిలినట్టు కరకరలాడింది. మన ఉక్కపోతలో మోచేతుల నుంచీ గడ్డం నుంచీ కారే చెమట అంతా అక్కడికే చేరుతుంది, పైనుంచి వాన. ఆ చిన్న బేరింగు మార్చడానికి బ్రేకు గొట్టం కోసి, ఆయిల్ తీసి, కొత్తది బిగించాక మళ్లీ ఆయిల్ నింపి, లోపలి గాలిబుడగలు పోగొట్టాల్సి వచ్చింది. తీగలు బయట ఉండే సైకిలులో అదే పని అరగంటలో అయిపోయేది. చలిదేశంలో రెండు మూడేళ్లకు ఒకసారి వచ్చే పని మన దగ్గర ప్రతి వానాకాలం తరువాతా తప్పదు. ఏడాది పొడవునా తొక్కే మనిషికి అంతా లోపల దాచేసిన సైకిలు అమ్మడం అన్యాయమని నా అభిప్రాయం.

ఇదే కారణంగా క్రాంకు బేరింగు కూడా మరతో బిగించే రకమైతే మంచిది, ఫ్రేములోకి నొక్కి దించే రకం త్వరగా కిరకిరలాడుతుంది. చక్రాలకు ఆకులు ఎక్కువగా, 28 లేదా 32 ఉంటే వరంగల్‌లోనో రాజమండ్రిలోనో మామూలు సైకిలు మెకానిక్ కూడా వంకర తీయగలడు. పన్నెండు గేర్ల చైను జిల్లా కేంద్రంలో అడిగితే దొరకడం కష్టం, ఎనిమిది తొమ్మిది గేర్లదైతే ఆశ ఉంది. విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రం పక్కన తొక్కేవారికి ఉప్పుగాలి మరో బాధ. బోల్టులన్నిటికీ గ్రీజు రాసి బిగించుకోవాలి, హ్యాండిల్ టేపు ఏడాదికోసారైనా విప్పి లోపల అల్యూమినియం తినేసిందేమో చూసుకోవాలి.

ఫ్రేము కార్బనా, అల్యూమినియమా, స్టీలా అన్నది నా లెక్కలో చాలా వెనకటి ప్రశ్న. 32 టైరు వేశాక ఫ్రేముల మధ్య తేడా చేతులకు పెద్దగా తెలియదు. మంచి అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు ఉంటే చాలు.

గేర్ల విషయంలో మాత్రం పరువుకు పోవద్దు. ముందు 50, 34 పళ్లు, వెనక 11 నుంచి 34 దాకా ఉన్న అమరిక తీసుకోండి. 34కి 34 పెడితే నిమిషానికి 60 సార్లు తొక్కినా గంటకు ఏడున్నర కిలోమీటర్ల పైచిలుకు వేగంతో సైకిలు కదులుతూనే ఉంటుంది. ఎస్.కోట దాటాక అరకు వైపు ఘాటు రోడ్డులో, ఎండెక్కాక, ఆ ఒక్క గేరు మనిషిని దిగి నడవకుండా కాపాడుతుంది. తిన్నటి (ఫ్లాట్) హ్యాండిల్ ఉన్న హైబ్రిడ్ సైకిళ్లు ఊళ్లో తిరగడానికి బాగుంటాయి. దూరాలకు మాత్రం చేతులు మార్చి పట్టుకునే వీలు లేక మణికట్లు తిమ్మిరెక్కుతాయి. వంగిన హ్యాండిల్ మూడు నాలుగు పట్లు ఇస్తుంది. ఊరిదాకా మట్టిబాటే ఉన్నవారు మట్టి, కంకర దారులకని చేసిన గ్రావెల్ సైకిలు కొనుక్కుని నున్నటి టైర్లు వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

దూరం తొక్కేవారి కొలమానం చూస్తే ఈ వాదన ఇంకా బలపడుతుంది. బ్రెవే అనే, గడువులోపు పూర్తిచేయాల్సిన దూర ప్రయాణాల్లో 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40 గంటల గడువు ఉంటుంది. నాలుగేళ్లకోసారి జరిగే 1200 కిలోమీటర్ల పారిస్-బ్రెస్ట్-పారిస్‌కు 90 గంటలు. 200కి కావలసిన సగటు గంటకు 15 కిలోమీటర్లు కూడా కాదు. అయినా మధ్యలో మానేసేవారు ఉంటారు. కాళ్లలో సత్తువ ఉండి కూడా అరచేతుల తిమ్మిరి వల్లో, మెడ నొప్పి వల్లో, తడిసిన సీటు ఒరిపిడి వల్లో, వరస పంక్చర్ల వల్లో ఆగిపోయేవారే నాకు ఎక్కువగా కనిపించారు. పదేపదే ఆగుతూ ఉంటే గంటకు 30 కిలోమీటర్ల వేగం ఎందుకూ కొరగాదు. 26తో ఆగకుండా వెళ్లేవాడు ఇంటికి ముందు చేరతాడు.

డబ్బు విషయానికొస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ మిగిలే మొత్తంతో ఒక మెట్టు పైగేరు సెట్టుకు ఎగబాకకండి. గేరు సెట్టులో ఒక మెట్టు పెరిగితే వచ్చేది కొన్ని గ్రాముల తేడా, కాస్త మెత్తని నొక్కు. అంతకన్నా తక్కువ ఖర్చుతో సైకిలుతో వచ్చే మొద్దు టైర్లు తీసేసి, పల్చని గోడలున్న మంచి 32 టైర్ల జత వేసుకుంటే తేడా మొదటి కిలోమీటరులోనే తెలుస్తుంది. మిగిలితే మడ్‌గార్డులు, గేజీ ఉన్న పంపు.

దుకాణానికి వెళ్లినప్పుడు అమ్మేవాడి నోటిమాట మీద ఆధారపడకుండా మీరే వంగి చూడండి. ముందు ఫోర్కు కిరీటం కింద, వెనక సీటు గొట్టం దగ్గర, క్రాంకు వెనక, మూడు చోట్లా టైరుకూ ఫ్రేముకూ మధ్య ఎంత సందు ఉందో గమనించండి. 28 టైరుతో అమ్ముతున్న సైకిలులో ఆ మూడు చోట్లా మీ చిటికెన వేలు సులువుగా దూరాలి. ఒక్కచోట దూరకపోయినా, జూలైలో ఎర్రమట్టి అక్కడ ఇరుక్కుని రంగు గీరడం ఖాయం, మడ్‌గార్డుతో 32 టైరు అందులో పట్టడం కష్టం. వేలు దూరిందంటే అప్పుడు మరరంధ్రాలు, హెడ్‌సెట్ తీగలు, స్టాక్, రీచ్ అంకెలు చూడండి. బరువు, రంగు, గేరు సెట్టు పేరు, ఇవన్నీ అయ్యాక ఓపిక ఉంటే చూసుకోవచ్చు. కుదిరితే మే నెలాఖరులోపే కొనేయండి, మడ్‌గార్డులు సరిగ్గా కూర్చున్నాయో లేదో తొలకరికి ముందే రెండు మూడు వారాలు తొక్కి సరిచేసుకునే వ్యవధి దొరుకుతుంది.